ముందు వరుసలో గైర్హాజరు

అనగనగా ఒక అడవిలో, వాగు పక్క ఇసుక మేటలో ఒక బడి ఉండేదర్రా. ఎలుగుబంటి మాస్టారు పాఠాలు చెప్పేవారు. గునుగు అనే చెవులపిల్లి ముందు వరుసలో కూర్చునేది. చదువుకుని అడవంతా టపా పంచాలని దాని ఆశ.

పేరుకేమో చెవులపిల్లి! నిరుడొచ్చిన జ్వరానికి దాని రెండు చెవులూ వినపడకుండా పోయాయి. వాళ్లమ్మ ఆ సంగతి చెప్పినా మాస్టారు నమ్మలేదు.

పొద్దున్నే మాస్టారు పేర్లు పిలిచేవారు. పిల్లలు "హాజరు!" అనేవారు. గునుగు అందరి నోళ్లకేసీ చూసేది. తన వంతు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో దానికి తెలిసేది కాదు. మొదటిరోజు పలకలేదు. రెండోరోజూ పలకలేదు. ఎదురుగా బుద్ధిగా కూర్చున్న పిల్లకి మాస్టారు గైర్హాజరు వేశారు! చోద్యం కాకపోతే ఏమిటి?

మూడోరోజు ఆయనకి ఒళ్లు మండింది.

"బారెడు చెవులు పెట్టుకుని వినపడదా? పొగరు! నీ పేరు కొట్టేస్తున్నా!" అంటూ కాలితో నేలని దబ్ దబ్ దబ్‌మని తన్నారు.

గునుగు అరికాళ్లు ఝల్లుమన్నాయి. తననే పిలిచారనుకుని అది ఎగిరి గంతేసి, "హాజరు మాస్టారూ!" అని అరిచింది. సంతోషంతో దాని మొహం మతాబులా వెలిగిపోయింది.

మాస్టారికి సిగ్గేసింది. "తప్పు నాదే తల్లీ. మీ అమ్మ మాట వినిపించుకోనిది నేను" అని ఇసుకలో రాసి చూపించారు.

ఆ రోజు నుంచి గునుగుని కాలితోనే పిలిచేవారు. పాఠం ఇసుకలో రాసేవారు. రోజూ ఆలస్యంగా వచ్చే తాబేలు కూడా అది చదువుకుని గట్టెక్కింది. మిగతా పిల్లలు, "మమ్మల్నీ కాలితోనే పిలవండి!" అని ఒకటే గోల.

గునుగు పెద్దదై టపా పనికి వెళ్లి, తనని కాలితో పిలవమని అడిగింది. అక్కడి పెద్ద దుప్పిగారు మట్టిలో ఇలా రాశారు: "ఆ సాయాలన్నీ బడిపిల్లలకమ్మా. ఇది ఉద్యోగం. పిలవగానే పలకాలి."

ఇంత చదువూ వృథాయేనా అనుకుంది గునుగు. అయినా నవ్వుతూ అంది: "బడి అయిపోయిందండీ. చెవులు మాత్రం అవే కదా! మీరు పిలవండి, పలుకుతాను. కాకపోతే మీరు పిలవాల్సింది నోటితో కాదు, గిట్టతో."

దుప్పిగారు తటపటాయించారు. చివరికి గిట్ట ఎత్తి మూడుసార్లు నేలమీద కొట్టారు.

"హాజరు!" అంది గునుగు, అడవంతా మారుమోగేలా. ఆ పూటే టపా సంచీ దాని మెడలో పడింది.

నీతి: సాయం బడితోనే ఆగిపోకూడదు. ఎవరికి తెలిసే తీరులో వాళ్లని పిలిస్తే, ప్రతివారూ "హాజరు" అంటారు.