రాతి పాదాల కొలత

కుంభగిరి రాజు గజపాలుడికి ఉన్నట్టుండి పరుగెత్తాలని బుద్ధి పుట్టింది. పొరుగు రాజు రోజూ కోట చుట్టూ పరుగెడుతున్నాడని ఎవరో చెవిన వేశారు మరి! పల్లకీ దిగి సింహాసనం దాకా నడిస్తేనే రొప్పే మహానుభావుడు, "పౌర్ణమి పొద్దున మేమూ పరుగెడతాం, అందరూ వచ్చి చూడండి" అని చాటింపు వేయించాడు.

పరుగుకు జోళ్లు ఎంచే పని, ఎక్కడికైనా తన పల్లకీలోనే వెళ్లే అలంకారాధికారి విలాసరాయలికి పడింది. జోళ్ల గురించి ఆయనకు తెలిసిందల్లా అవి రెండుంటాయని.

ఆ కొలువులో ఓ ఘనమైన ఆచారముంది. రాజుగారి పాదానికి కొలతాడు తగలకూడదు. అందుకని సభలో ఉన్న ఆయన రాతి విగ్రహం పాదాలు కొలిచి జోళ్లు కుట్టేవారు. విగ్రహం చెక్కినప్పుడు రాజుకు పదహారేళ్లు. ఇప్పుడు నలభై ఆరు. మడమ సగం బయటే ఉండేది. పల్లకీలో కూర్చున్నవాడికి దాంతో పనేముంది?

ఈ సంగతి పట్టించుకున్నవాడు ఒక్కడే, రాజుగారి జోళ్లు మోసే సింగన్న. వెళ్లి విలాసరాయలికి చెప్పాడు.

"అయ్యా, పరుగు కొత్త ఆయనకి. జోళ్లు తేలిగ్గా ఉండాలి, అడుగు మెత్తగా ఉండాలి, వేళ్ల ముందు కాస్త ఖాళీ ఉండాలి."

"మోసేవాడివి మోయరా! రాజుగారి కాలు కందిందో, తప్పు నీదే. నిన్ను పొలిమేర దాటిస్తా!"

సింగన్న ఊరుకుంటాడా? ఇరవై ఏళ్ల కొలువు! మర్నాడు రాజు స్నానం చేసి నాపరాళ్ల మీద నడిచి వెళ్లగానే, ఆ తడి అడుగుల చుట్టూ బొగ్గుతో గీత గీశాడు. ఆ కొలతకు మేకతోలు జోళ్లు కుట్టించి సంచిలో దాచాడు.

పౌర్ణమి వచ్చింది. విలాసరాయలు బంగారు పళ్లెంలో జోళ్లు సభకు తెచ్చాడు. జరీ, కెంపులు, నెమలి మెడలా వంపు తిరిగిన ముక్కు. ఒక్కోటీ రోకలిబండంత బరువు.

రాజు కాలు దూర్చాడు. మడమ దగ్గర ఆగిపోయింది. నలుగురు పట్టి నెట్టారు.

"చచ్చాన్రా! ఎవడిదీ తప్పు?" అని రాజు అరిచాడు.

"జోడు కొలత వెంట్రుకవాసి తప్పలేదు ప్రభూ! మోసేటప్పుడు ఈ సింగడే పాడుచేశాడు!"

"అయితే అవి ఇప్పుడు విగ్రహానికి సరిపోవా దొరా?" అన్నాడు సింగన్న.

విలాసరాయలు రోషంగా జోడును రాతి పాదానికి ఆనించి చూపించాడు. "చూడు! అచ్చుగుద్దినట్టు లేదూ?"

సింగన్న చేతులు జోడించాడు.

"అవును ప్రభూ, అచ్చుగుద్దినట్టుంది. మరి విగ్రహాన్నే పరుగెత్తమందాం!"

సభ గొల్లుమంది. రాజు నవ్వాపుకోలేక పొట్ట పట్టుకున్నాడు. సింగన్న సంచి విప్పి రాజుగారికి మేకతోలు జోళ్లు తొడిగాడు. రాజు లేచి నాలుగడుగులు గెంతి చూశాడు.

"అబ్బ, ప్రాణం లేచొచ్చిందిరా! విలాసరాయా, విగ్రహం ఎలాగూ కదలదు. దాని బదులు ఆ కెంపుల జోళ్లతో నువ్వు పరుగెత్తు. రోజూ! సింగన్నా, నీకేం కావాలో కోరుకో."

సింగన్న విలాసరాయలి వంక జాలిగా చూశాడు.

"వారి పల్లకీ ఇప్పించండి ప్రభూ. రోజూ పరుగెత్తేవారికి ఇక దాంతో పనేముంది?"