తొప్పికి రవ్వ

ఏదైనా అడిగితే నరహరిగారు వెంటనే జవాబు చెప్పరు. ఎంత చిన్న ప్రశ్నయినా ముందు శిష్యుల్ని మృదంగం దగ్గర కూర్చోబెడతారు. చెప్తే విన్నది ఎక్కడికి పోతుందో తెలియదు గాని, చేత్తో తెలుసుకున్నది ఒంటబడుతుందని ఆయన నమ్మకం.

ఆ ఆదివారం పొద్దున హిమజ అడిగింది మాత్రం మృదంగం గురించి కాదు.

"గురువుగారూ, పొద్దున తినడం మానేస్తే ఒళ్ళు తగ్గాలి కదండీ. నాకు తగ్గట్లేదేం?"

హిమజ పదో తరగతి పిల్ల, కాస్త బొద్దు. బంధువుల పెళ్ళిలో సరదాగా మృదంగం ముందేసుకుని కూర్చుంటే ఎవరో "ఇందులో మృదంగం ఏది, పిల్ల ఏది?" అని నవ్వారట. అలాంటి నోళ్ళు ప్రతి పెళ్ళికీ పిలవకుండానే వస్తాయి. ఆ రోజే ఆ పిల్ల పొద్దుటి టిఫిన్ ముట్టనని ఒట్టు పెట్టుకుంది. మొండిది, మాట నిలబెట్టుకుంది కూడా. కాని బడి నుంచి రాగానే ఆకలికి కళ్ళు తిరిగి, బజ్జీలనక బిస్కెట్లనక దొరికిందల్లా తినేసేది. ఒళ్ళు తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. అంతకన్నా పెద్ద దిగులు ఇంకొకటుంది. వచ్చే శనివారం ఆమె మొదటి కచేరీ. మొన్న పొద్దుటి సాధనలో చెయ్యి వణికి, పాట చివరి ముక్తాయింపు దగ్గర తాళం తప్పింది. మళ్ళీ అలా జరిగితే ఇంకొకరిని కూర్చోబెడతానని గురువుగారు తేల్చి చెప్పేశారు.

"ఎందుకు మానేశావమ్మా?" అన్నారు ఆయన.

"లంఖణం పరమౌషధం అంటారు కదండీ."

"రోగమొచ్చినవాళ్ళకి అంటారు. సరే, కూర్చో. ఇవాళ తొప్పికి రవ్వ పెట్టకు."

హిమజ తెల్లబోయింది. మృదంగానికి ఎడమవైపు ఉండేది తొప్పి. వాయించబోయే ప్రతిసారీ దాని నడుమ తడి రవ్వ ముద్ద అద్దాలి, అయ్యాక గీకేయాలి. ఆ ముద్ద ఉంటేనే అది గంభీరంగా పలుకుతుంది. మృదంగం నేర్చే పిల్లలకి మొదటి రోజే వచ్చే పని అది.

"రవ్వ లేకుండా ఎలాగండీ?"

"బరువు తగ్గుతుంది కదా. వాయించు."

గురువుగారి భార్య లక్ష్మీకాంతంగారు తంబూరా దగ్గర కూర్చుని కీర్తన ఎత్తుకున్నారు. హిమజ వాయించింది. కుడివైపు బాగానే పలికింది. ఎడమవైపు మాత్రం ఖాళీ డబ్బా కొట్టినట్టుంది. అది పలకడం లేదని గట్టిగా కొట్టింది, ఇంకా గట్టిగా కొట్టింది. అరచెయ్యి ఎర్రబడిందేగాని నాదం రాలేదు. ఇక పెట్టనా అని చూపులతోనే అడిగితే, కానిమ్మన్నట్టు ఆయన తాళం వేస్తూ ఉండిపోయారు.

కీర్తన సగమయ్యాక అన్నారు: "ఇప్పుడు పెట్టు. ఇందాక మానేసింది కూడా కలిపి పెట్టు."

ఆ పిల్ల పిడికెడు ముద్ద అద్దింది. ఈసారి తొప్పి పూర్తిగా మూగబోయింది. తడిసిన బస్తా మీద కొట్టినట్టు మొద్దుగా ఒక చప్పుడు, అంతే. లక్ష్మీకాంతంగారు పాట ఆపేశారు. హిమజకి ఏడుపొచ్చింది. శనివారం చేజారిపోయిందనుకుంది.

ఆమెకేసి ఎవరూ చూడలేదు, ఓదార్చలేదు. కాసేపటికి ఆమె తానే కళ్ళు తుడుచుకుని, తొప్పి మీది ముద్దంతా గీకేసింది. మళ్ళీ కొంచెం రవ్వ తడిపి, అద్దుతూ, తట్టి చూస్తూ, ఎక్కువైంది తీస్తూ, నాదం కుదిరేదాకా వదల్లేదు. ఆ పట్టుదల చూసి నరహరిగారి ముఖం విప్పారింది గాని, మెచ్చుకోవడం ఆయనకి అలవాటు లేదు.

"గురువుగారూ, నేను ఒళ్ళు తగ్గాలనుకోవడం మాత్రం మాననండీ," అంది, తల ఎత్తకుండానే.

"మానమని ఎవరన్నారు?"

హిమజ చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. లక్ష్మీకాంతంగారి దగ్గర పీట వేసుకుని కూర్చుని, వేడి వేడి ఇడ్లీలు రెండు తిని, చాలన్నది. మూడోది పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తిరిగొచ్చి వాయించింది. అద్భుతమేమీ జరగలేదు, ఒకచోట తడబడింది కూడా. చెయ్యి మాత్రం వణకలేదు. ముక్తాయింపు సరిగ్గా తాళం మొదలయ్యే దెబ్బకి, సమం మీదికి వచ్చి నిలిచింది.

"మరి శనివారం నేనే వాయించనాండీ?" అంది భయంభయంగా.

గురువుగారు మృదంగానికి గుడ్డ కప్పుతూ అన్నారు: "ఆ రోజు పొద్దున చెప్తాను. టిఫిన్ వేళకి రా."