స్నానశాల గడియ

రాజులూ కోటలూ ఉన్న రోజుల్లో గుణధరుడని ఒక రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తనకు తట్టిన ఆలోచన లోకంలో ఇంకెవరికీ తట్టదని గట్టి నమ్మకం.

ఆయన కోటలో ఎవరి తలుపుకు వాళ్ళే గడియ చేసుకునేవారు. చెడితే బాగుచేసుకునేవారు. పక్కవాడిది బాగుంటే చూసి, అలాంటిదే చేసుకునేవారు. అడ్డుచెప్పేవారు లేరు.

రాజుగారు బురుజు మీది నుంచి ఒక పెద్ద తాడు వేయించి, కోటలోని తలుపులూ నీటి తూములూ అన్నీ దానికే కట్టించాడు. మూసుకోవడం ఎవరికి వాళ్ళే. తెరవాలంటే మాత్రం తాడు లాగాలి. బురుజు మీది కాపలావాళ్ళు ఒక్కసారి లాగితే కోటంతా తెరుచుకుంటుంది. "ఇక గడియలెందుకు? పీకేయండి!" అని చాటింపు వేయించాడు.

కోట రెండుగా చీలింది.

"హాయిగా ఉందయ్యా! నేను లేచేసరికి తొట్టి నిండి ఉంటోంది," అంది వంటశాల పెద్ద అక్కమ్మ.

"నీ తొట్టికి కాళ్ళు లేవు గనక హాయిగానే ఉంటుంది. నేను ముఖం కడుక్కునేలోపు నా గున్న ఏనుగు వీధిలో ఉంటుంది. కందకంలో పడితే నువ్వు తీస్తావా?" అన్నాడు మావటి బుడ్డన్న.

అతనొక్కడే గడియ పీకలేదు. రాజుగారికి తెలిసింది.

"రేపటికల్లా గడియ తీయకపోతే నిన్నే కొలువులోంచి తీసేస్తాను. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. నాలుగు రోజులు పోతే అలవాటు పడతావు."

బుడ్డన్న లబోదిబోమంటూ ఆస్థానంలోని చమత్కారి కొండుభట్టు దగ్గరికి పరుగెత్తాడు. "తాతల నాటి నుంచి ఏనుగులే మా బతుకు, బాబూ!"

"ఇవాళ్టికి గడియ తీసెయ్," అని కొండుభట్టు తిన్నగా సభకు వెళ్ళాడు. "ప్రభూ, కోటంతా తాడుకు కట్టించి తమ స్నానశాల వదిలేశారేం? ఈ సుఖం మాకేనా?"

రాజు పొంగిపోయాడు. "దాన్నీ కట్టండి! తలుపూ, తూమూ రెండూ!"

మర్నాడు రాజుగారికి తలంటు. తలుపు మూసుకుని కూర్చున్నాడు. తలనిండా కుంకుడు రసం. కళ్ళు భగ్గుమన్నాయి. చెంబు తడిమితే ఖాళీ.

"నీళ్ళు! నీళ్ళు!"

"తూము తాడుకుంది ప్రభూ. లాగించమంటారా?" అన్నాడు బయటినుంచి కొండుభట్టు.

"అడుగుతావేమయ్యా! కళ్ళు పోతున్నాయి, లాగించు!"

తాడు లాగారు. తూము తెరుచుకుంది. దాంతోపాటు స్నానశాల తలుపూ, కోట ద్వారమూ, ఏనుగుల సాలా బార్లా తెరుచుకున్నాయి. దర్శనానికి కాచుకున్న జనం బిలబిలమంటూ వాకిట్లోకి వచ్చారు. ఎదురుగా గోచీతో, నురగతో రాజుగారు.

ఇంతలో ఎవరో ఆయన నెత్తిన నీళ్ళు కుమ్మరించారు.

"అమ్మయ్య! ఎవరు నాయనా నువ్వు?"

"గున్న ఏనుగు ప్రభూ. దాని తలుపూ తాడుకే ఉంది కదా!" అన్నాడు కొండుభట్టు.

రాజు కళ్ళు తెరిచాడు. జనాన్ని చూశాడు. వాళ్ళలో ఉన్న అక్కమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

"కొండుభట్టూ! ఏమిటిది?"

"మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది ప్రభూ. నాలుగు రోజులు పోతే అలవాటు పడతారు."

రాజు పెదవులు బిగించాడు గానీ, గున్న ఏనుగు మళ్ళీ తొండమెత్తేసరికి పకపకా నవ్వేశాడు.

"అయితే తాడు కోయించెయ్యనా?"

"వద్దు ప్రభూ, అక్కమ్మకు అది సుఖంగా ఉంది. కావలసినవాళ్ళు కట్టుకుంటారు, వద్దన్నవాళ్ళు గడియ పెట్టుకుంటారు. తాడుతో మాకు తగువు లేదు. గడియ పీకేయమన్నారే, అక్కడే పేచీ."

రాజు తడిచేతి కంకణం తీసి కొండుభట్టుకు తొడిగాడు. బుడ్డన్న కొలువూ నిలిచింది.

ఆ పూటే బుడ్డన్న తన గడియ మళ్ళీ బిగించుకున్నాడు, కాస్త ఆలస్యంగా. ముందు స్నానశాలకు ఒకటి బిగించి వెళ్ళమని రాజుగారి ఆజ్ఞ మరి!