లేయమ్మ వెళ్ళిన వాకిలి

అనగనగా అంటే మరీ దేవుడు భూమి చేసిన నాటి మాట అనుకోకండి. మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పింది. ఏటి ఒడ్డున ఒక పల్లె, ఆ పల్లెలో తాటాకు కప్పిన ప్రార్థన గుడి ఉండేవి.

ఆ గుడి గోడకు వరసగా మేకులు, మేకుకో నులకతాడు, మనిషికో తాడు. ఏడాదికొకసారి, కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక, సంఘపెద్ద జెకర్యా ఒక్కొక్కరినీ నిలబెట్టి మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఎన్ని వాక్యాలు కంఠతా పట్టావు? ఎన్ని ఉపవాసాలున్నావు? ఎన్ని కూటాలకు వచ్చావు? జవాబును బట్టి తాడుకు ముడులు వేసేవాడు. ఎన్ని ముడులుంటే ప్రభువులో అంత ఎదిగినట్టు. జెకర్యా తాడు నిండా ముడులే. మూడేళ్ళు ఒక్క ముడీ పడనివాళ్ళు ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టకూడదని కట్టుబాటు.

ఆ పల్లెలోనే లేయమ్మ ఉండేది. చీపుళ్ళు కట్టి బతికేది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్క కూతురు సుగుణ, అదీ పదేళ్ళప్పుడే జ్వరంతో పోయింది. లేయమ్మకు మిగిలిన సంతోషమల్లా నెలకోసారి బల్ల దగ్గర నోట్లో పడే ఆ రొట్టెముక్కే.

మొదటి ఏడు జెకర్యా అడిగాడు.

"వాక్యాలు?"

"తలలో నిలవవయ్యా."

"ఉపవాసాలు?"

"దొరకనినాడు మానుకున్నానయ్యా. అది ఉపాసమవుద్దా?"

"కాదు. కూటాలు?"

"చీపుళ్ళమ్మబోయినా."

"మరి ఏం ఎదిగావమ్మా?"

"ఒక వాకిటికి పోదామని బయల్దేరినానయ్యా. వీధి మొగదల దాకా పోయినా. కాళ్ళు రాక వెనక్కొచ్చినా."

జనం గొల్లున నవ్వారు. ముడి పడలేదు.

రెండో ఏడు అవే ప్రశ్నలు. "దడి దాకా పోయినానయ్యా," అంది. జనం నవ్వారు. ముడి పడలేదు.

మూడో ఏడు అవే ప్రశ్నలు. "తలుపు మీద చెయ్యి వేసినానయ్యా. తట్టలేకపోయినా," అంది. ఈసారి జనం నవ్వడానికి కూడా విసుక్కున్నారు. "ఇక బల్లకు రావద్దు లేయమ్మా," అన్నాడు జెకర్యా.

ఆ నెల గుడిలో రొట్టె పంచుతుంటే ఆమె గుడి మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. చూసినవాళ్ళు చూసినట్టే దాటిపోయారు. వాళ్ళను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఎండాకాలం వాంతిభేది వచ్చింది. ముందుగా జెకర్యా ఇంట్లోనే దూరింది. భార్య రెండు రోజుల్లో పోయింది. కొడుకులు ఏరు దాటి పారిపోయారు. తాళ్ళ నిండా ముడులున్న పెద్దమనుషులు ఆ వీధిలోకే రాలేదు. జెకర్యా నీళ్ళు ఇచ్చే దిక్కు లేక నేల మీద పడి ఉన్నాడు.

అప్పుడు తలుపు చప్పుడైంది. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు. తోసుకుని వచ్చింది లేయమ్మ.

మూడు రోజులు గంజి పోసింది, బట్టలు ఉతికింది, మైల ఎత్తింది. నాలుగో రోజు అతను లేచాడు. ఆమె పడిపోయింది.

జెకర్యా ఆమె పక్కన కూర్చున్నాడు. "లేయమ్మా, మూడేళ్ళు ఒక వాకిలి అన్నావే. ఎవరిది?"

"మీదేనయ్యా."

అతను నిర్ఘాంతపోయాడు. "నా వాకిలా? నేనేం చేశాను?"

"నా సుగుణకు జొరమొచ్చిన ఆదివారం వైద్యుడి కాడికి బండి అడిగినా. ప్రభువు దినాన ఎడ్లకు కాడి పెట్టనని తలుపేసుకున్నారు. పొద్దుగూకేసరికి పిల్ల పోయింది. మీ పేరు చెబితే నా నోరు చేదయ్యేది. ఆ చేదు పోతే తప్ప నేనెదిగినట్టు కాదనుకున్నా."

ఇంతకంటే ఘోరం వినండి. అతనికి ఆ సంగతే జ్ఞాపకం లేదు! ఆమె చెప్పాకే జ్ఞాపకం వచ్చింది.  ఇంట్లో ఉన్న జొన్నరొట్టె తుంచి, ప్రార్థన చేసి ఆమె నోట్లో పెట్టాడు. నమిలింది, నవ్వింది, కన్నుమూసింది.

మళ్ళీ ఆదివారం జెకర్యా గుడిలో అంతా చెప్పాడు. "ఆ ఏడాది చివర, ప్రభువు దినాన కాడి ముట్టలేదని నా తాడుకు ఒక ముడి వేసుకున్నాను," అన్నాడు.

వింటున్నారా? బిడ్డ చచ్చినందుకు ముడి!

 జెకర్యా ఆ ముడి విప్పేద్దామని తాడు చేతిలోకి తీసుకుని పైనుంచి కిందిదాకా వెతికాడు. దొరకలేదు. అన్ని ముడులూ ఒకేలా ఉన్నాయి.

ఆ రోజే తాళ్ళన్నీ తీసి ఏట్లో వేశారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక అయ్యగారు ఒక్కటే అడుగుతారు: "ఈ ఏడు ఎవరి వాకిటి దాకా వెళ్ళారు?" పేరు చెప్పనక్కర్లేదు. ఎంత దూరం వెళ్ళారో చెబితే చాలు. ఒకరు వీధి చివరిదాకా అంటారు, ఒకరు దడి దాకా అంటారు. ఎవరూ నవ్వరు.

నా సంగతా? మా తమ్ముడి ఇల్లు నాలుగిళ్ళ అవతలే. మాట్లాడుకుని పదకొండేళ్ళయింది. నేనింకా చెప్పులు కూడా వేసుకోలేదు.