వావిలాకుకు ఐదు వేళ్లు వచ్చిన కథ

ఒకప్పుడు వావిలాకు తమలపాకులా ఒకే రేకుగా ఉండేది. వావిలికి సిగ్గెక్కువ. వాగు గట్టున నిలబడి అందరి మాటలూ వినేదే కానీ, తను నోరు విప్పేది కాదు.

ఒకరోజు గవరమ్మ మామ్మ కుంటుకుంటూ ఆ గట్టుకు వచ్చింది. ఊళ్లో పసిపిల్లలకు నీళ్లు పోసేది ఆవిడే. పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టి, నలుగు పెట్టి పోసేది. రెండేళ్లుగా మోకాళ్లు ఒకటే సలుపు. ముడిస్తే చాచుకోవు, చాపితే ముడుచుకోవు.

"రేపు నా మునిమనవడికి పురుటి స్నానం," అంటూ కూలబడింది. "నేను పోయలేకపోతే వాడి నాయనమ్మ దాలమ్మ పోస్తుంది. ఆవిడ బిడ్డను తోమిందంటే చెంబు తోమినట్టే!"

"వైద్యుడిచ్చిన మాత్ర ఉందిగా?" అంది గట్టు మీది మిరప మొక్క.

"ఉంది. వేసుకుంటే నొప్పీ నిద్రపోతుంది, నేనూ నిద్రపోతాను. మొన్న ఒకరి బిడ్డను కాళ్ల మీద పెట్టుకునే గురక పెట్టాను. వాళ్లమ్మ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. నీళ్లు పోసే పూట మాత్ర వద్దని వైద్యుడే చెప్పాడు."

"అయితే నన్ను నూరి పట్టు వెయ్యి!"

వేసింది. "ఓలమ్మో!" అని వాగులోకి దూకింది.

"చూశావా, ఎంత చురుగ్గా దూకావో!" అంది మిరప.

"నన్ను రుద్దుకో మామ్మా, నొప్పి మాటే మర్చిపోతావు," అంది దురదగొండి.

నిజంగానే మర్చిపోయింది. రెండు చేతులా గోక్కోవడంతోనే పొద్దు వాలింది. ఆ చేతులతో బిడ్డనెలా పట్టుకుంటుంది? మామ్మకు ఏడుపొచ్చింది.

వావిలి చూడలేకపోయింది. "మామ్మా... నా ఆకు... వేన్నీళ్లలో..." అని నసిగింది.

"గట్టిగా చెప్పవే, నిన్నేం కొరకను!"

మర్నాడు పెరట్లో వావిలాకు వేసిన కుండ మరిగింది. మామ్మ వెచ్చటి ఆకును మోకాలికి అంటించింది. హాయిగానే ఉంది. కానీ గుండ్రటి ఆకు, గుండ్రటి మోకాలు. జర్రున జారింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది.

దాలమ్మ అప్పటికే చీర ఎగదోపుకుని నిలబడింది. "లేవండత్తా, నీళ్లు చల్లారిపోతున్నాయి."

ఇంకోసారి జారితే మామ్మకు పీట దక్కదు. వావిలాకు సిగ్గంతా మర్చిపోయింది. కొస నుంచి కాడ దాకా చర్రుచర్రున తనను తనే చింపుకుంది. ఐదు వేళ్లయ్యాయి. ఐదింటితోనూ మోకాలిని గట్టిగా పట్టుకుని మెల్లగా నొక్కింది. ఆ చప్పుడు విని గట్టు మీది వావిలాకులన్నీ తామూ చింపుకోసాగాయి.

మామ్మ కాళ్లు నెమ్మదిగా చాచుకున్నాయి.

"నొప్పి పోయిందా?" అంది దాలమ్మ నీరసంగా.

"పోలేదు. కాస్త పక్కకు జరిగింది. నువ్వూ జరుగు!"

బిడ్డ కాళ్ల మీదికొచ్చాడు. మొదటి చెంబు పడగానే వీధంతా దద్దరిల్లేలా కేరుమన్నాడు.

అప్పటినుంచే వావిలాకుకు ఐదు వేళ్లు. అక్కడక్కడా మూడు వేళ్ల ఆకూ కనిపిస్తుంది. బిడ్డ ఏడుపు వినగానే, ఇక చాల్లే అని సగంలో ఆగిపోయిన ఆకు అది.