మహారాజావారు చుట్ట మానేశారు

కళింగ తీరాన ఒకానొక చిన్న రాజ్యం. దాన్నేలే గజపాల దేవుగారికి కీర్తికన్నా దగ్గెక్కువ. చుట్ట మానకపోతే ప్రాణానికే ముప్పన్నాడు వైద్యుడు. అంతే, దేవుగారు నిండుసభలో మీసం దువ్వారు.

"మానడమెంతసేపు? ఇదిగో, మానేశాను! ఇకమీదట నా రాజ్యంలో చుట్ట కాల్చినవాళ్ళని ఊళ్ళోంచి వెళ్ళగొడతాను!"

మర్నాటినుంచి ప్రభువులు కండువా ముక్కుదాకా చుట్టుకుని సభకొస్తున్నారు. నోరు విప్పరు. ఏమడిగినా "ఊఁ". మౌనవ్రతమన్నాడు మంత్రి. పంటిపోటన్నాడు సేనాపతి. ఒక్క "ఊఁ" విని మంత్రి కొత్త గుర్రాలు కొన్నాడు, అదే "ఊఁ" విని సేనాపతి ఉన్నవి అమ్మేశాడు. ఇదెక్కడి గోలరా నాయనా అని సభంతా తలలు పట్టుకుంది.

ఇంతలో భటులు నీలమ్మను పట్టుకొచ్చారు. చేపలమ్ముకునే ముసలిది, అడ్డపొగ తాగుతూ దొరికింది. అడ్డపొగంటే తెలుసుగా? చుట్టని నిప్పున్నవైపే నోట్లో పెట్టుకుని కాలుస్తారు ఆ తీరంలో ఆడవాళ్ళు.

"మానీయాలనే ఉంది బాబూ, సెయ్యి ఇనదు! ఈ వయసులో ఊరొగ్గేసి ఎక్కడికి పోతాను?" అని భోరుమంది.

"ఊఁ" అన్నారు ప్రభువులు.

"వెళ్ళగొట్టమన్నారు!" అన్నాడు మంత్రి.

విదూషకుడు కూర్మన్న ముసలిదాని మూతి చూశాడు, ప్రభువుల కండువా చూశాడు, గాలి వాసన పట్టాడు. లేచి దణ్ణం పెట్టాడు.

"ప్రభూ, ముసలిది మారుమాటాడకుండా పోతుంది. తమరు 'నేను మానేశాను' అని ఒక్కసారి నోరారా చెబితే చాలు."

"ఊఁ."

"ఊఁ కాదు ప్రభూ, మాట."

ప్రభువుల మొహం ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఊఁ! ఊఁ!" సభకేమీ బోధపడలేదు. మంత్రి వైద్యుణ్ణి పిలవమన్నాడు. సేనాపతి కత్తి దూశాడు, ఎవరిమీదకో తనకే తెలీదు.

"గొంతు ఆరిపోయినట్టుంది. మంచినీళ్ళు పుచ్చుకుని చెప్పండి" అంటూ కూర్మన్న చెంబు అందించాడు.

"ఓరి నీ..." అని నోరు తెరిచారు ప్రభువులు. గుప్పున పొగ! వెనకే కాలుతున్న చుట్ట నేలమీద పడింది.



"మహారాజా, తమరు మానేసింది చుట్ట కాదు, మాట!" అన్నాడు కూర్మన్న.

దేవుగారు గుడ్లురిమారు. కూర్మన్న మెడ తడుముకున్నాడు. అంతలో ఆయనకే నవ్వు తన్నుకొచ్చింది. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వి, చేతి కడియం తీసి కూర్మన్నకిచ్చారు.

"మానడం నావల్లే కాలేదు, ఇంక ఈమెనేమంటాను? శిక్ష రద్దు! నీలమ్మా, ఇవాళ్టినుంచి ఇద్దరం కలిసి మానేద్దాం. నేను చుట్ట పడితే నువ్వు తిట్టు, నువ్వు పడితే నేను తిడతాను. ఏమంటావు?"

నీలమ్మ కళ్ళు తుడుచుకుంది. వంగి, కిందపడ్డ చుట్టను తీసి చెంగుతో తుడిచింది.

"అలాగే బాబూ, మానీద్దాం. కానీ ఇది సగవే కాలింది. ఇదొక్కటీ అయిపోనీయండి."