గంధం గిన్నె

రామజోగి డాక్టరు గారిని ఏదైనా అడిగితే సమాధానం చెప్పరు, పని చెబుతారు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకునే సువర్చల ఓ పొద్దున అడిగింది: "మేష్టారూ, మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. పేగు గోడలోనేమో రక్షక కణాలు కాపలా కాస్తాయి. అవి అన్నిటినీ చంపెయ్యవేం? కళ్ళు లేని కణానికి మంచిదేదో చెడ్డదేదో ఎలా తెలుస్తుంది?"

ఆ రోజు ఆయన కూతురి పెళ్ళి. "పందిరి గుమ్మంలో నిలబడు. చెడ్డవాళ్ళని రానివ్వకు" అన్నారు.

సువర్చలకి పనంటే పనే. బట్టలు నలిగినవాళ్ళనల్లా వెనక్కి పంపేసింది. నేను అక్కడే ఉన్నాను. లేనివాళ్ళు దీన్ని ఇంకోలా చెబుతారు, నమ్మకండి. ముహూర్తం ముంచుకొచ్చింది. పురోహితుడు మంగళసూత్రం చేతిలోకి తీసుకుని "మేళం! మేళం!" అని కేకేశాడు. మేళమేదీ? బస్సు దిగి దుమ్ముతో వచ్చిన సన్నాయివాళ్ళని ఈ పిల్లే తరిమేసింది. వాళ్ళు ఎదుటి టీ కొట్టులో అలిగి కూర్చున్నారు. పెళ్ళికూతురికి ఏడుపొక్కటే తక్కువ. మగపెళ్ళివారు గొణుగుడు మొదలెట్టారు.

డాక్టరు గారి అక్క బంగారమ్మ గంధం గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. "తప్పుకోవే, మహా కాపలాదారువి!" అని సన్నాయివాళ్ళని పిలిచి, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని గంధం రాసింది. "ఈ వేళ్ళు చూడవే, సన్నాయి పట్టి పట్టి కాయలు కాశాయి. లోపలికి పరిగెత్తండి నాయనా!" విస్తళ్ళవాడికీ పూలావిడకీ కూడా అలాగే రాసి పంపింది.

ఇంతలో పట్టు కండువా పెద్దమనిషి ఒకడు బయటికి పోబోయాడు. పొద్దున సువర్చల దణ్ణం పెట్టి మరీ లోపలికి పంపింది వాణ్ణే.

"గంధం బాబూ" అంది బంగారమ్మ. వాడు చెయ్యి కండువాలోంచి తియ్యలేదు.

"ఒరేయ్ వంటవాళ్ళూ!"

ఒక్క కేకకే నలుగురు గరిటెలతో వచ్చిపడ్డారు. కండువాలోంచి వెండి పన్నీరుబుడ్డి జారి పడింది. "పోయినేడు మా చెల్లెలింటి పెళ్ళిలోనూ నువ్వే కదూ!" అందావిడ. వాణ్ణొక్కణ్ణే రోడ్డెక్కించారు. పక్కనున్నవాళ్ళకి గరిటె తగల్లేదు, ఒక్క కుర్చీ ఒరగలేదు.

అప్పుడు మోగింది గట్టిమేళం! పందిరి ఊగిపోయింది. పెళ్ళికూతురు తల వంచుకునే నవ్వేసింది.

అక్షింతలు వేసి వచ్చి, బంగారమ్మ తనకీ రాసిన గంధం చేతిని వాసన చూసుకుంటూ సువర్చల అంది: "మేష్టారూ, అయితే పేగులో కూడా..."

"ముందు భోజనానికి కూర్చో" అన్నారాయన. "నీ పేగు గుమ్మంలో ఉన్న బంగారమ్మ గంధం గిన్నె పట్టుకుని ఎంతసేపని ఎదురుచూస్తుంది?"